జంట కృష్ణబిలములు

కొమరోలులో అమావాస్యనాటి రాత్రి మిద్దెపై పరుండి చూచినచో, పడమట నల్లమల కొండల అంచుమీదుగా చుక్కలు దట్టముగా కనబడును. ఒంటరిగా తోచు ఆ చుక్కలలో అనేకములు నిజమునకు జంటలు. ఒకదానిచుట్టు ఒకటి తిరుగు ఇట్టి జంటతారలను, ఉస్మానియా విశ్వవిద్యాలయము వారు హైదరాబాదు చేరువ రంగాపూరున 1968లో నెలకొల్పిన 48 అంగుళముల దూరదర్శినితో చిరకాలము పరిశీలించిరి. నేడు నేను మనవి చేయబోవునది, అట్టి జంటలలో మిక్కిలి భారమైన కొన్ని ఆరిపోయిన పిమ్మట ఏమగునను సంగతి.

సూర్యునికంటె ఇరువది రెట్లకు మించిన ద్రవ్యరాశితో పుట్టిన నక్షత్రము, ఇంధనము తీరిన పిదప తన బరువునకు తానే క్రుంగి కృష్ణబిలము కావచ్చును. దానినుండి వెలుగు సయితము వెలికి రాజాలదు. ఆ నక్షత్రములో ఏ ధాతువు ఎంత యుండెనో ఇక తెలియదు. మార్కాపురపు పలకను తడిగుడ్డతో తుడిచినట్లు పూర్వకథ యంతయు చెరిగిపోవును. మిగులునవి ముఖ్యముగా రెండే: దాని ద్రవ్యరాశి, అది తన చుట్టు తాను తిరుగు తీరు. ఇట్లు తిరుగు కృష్ణబిలమును న్యూజిలాండు గణితజ్ఞుడు రాయ్ కెర్ 1963లో సమీకరణములలో వర్ణించెను. కావున కృష్ణబిలపు పుట్టుక తెలియవలెనన్న దాని భ్రమణమునే అడుగవలెను.

కృష్ణబిలములు జతకూడుటకు ముఖ్యముగా రెండు దారులు గలవు. మన రైతుల ఎడ్లజతలను తలచుకొనుడు. ఒకే కొట్టమున పెరిగి ఒకే కాడికి వచ్చిన కోడెలు ఒక జత. వేర్వేరు ఊళ్ల ఎడ్లను సంతలో కొని కూర్చినది మరియొక జత.

మొదటి దారిలో రెండు భారీ నక్షత్రములు కవలలై పుట్టును. పెద్దది ముందుగా ఉబ్బి, తన పైపొరలను రెండవదానికి ధారపోసి, కృష్ణబిలమగును. తరువాత రెండవది ఉబ్బి తన వాయువులలో దానిని చుట్టివేయవచ్చును. ఆ వాయువుల రాపిడికి రెండును దగ్గరకు జరుగును. చివరకు రెండవదియు కృష్ణబిలమగును. ఇట్టి జంటలో రెండు బొంగరములును, అవి ఒండొంటిని చుట్టు దిశలోనే, ఇంచుమించు నిటారుగా తిరుగుచుండవలెను.

రెండవ దారి నక్షత్రములు క్రిక్కిరిసిన గుచ్ఛములలోనిది. అచ్చట భారమైన కృష్ణబిలములు నడుమకు దిగి, ఒకదాని నొకటి సమీపించుచు, జతలు మార్చుకొనుచు, కట్టకడపట ఒకదానితో ముడిపడును. వీనికి పుట్టింటి పొత్తు లేదు. కావున భ్రమణముల వాలు ఎటైన నుండవచ్చును. ఒక్కొక్కప్పుడు పూర్తిగా ఎదురు దిశలోనైన నుండవచ్చును.

కంటికి కనబడని ఈ తిరుగుడును ఎట్లు కొలుతురు? గురుత్వ తరంగములచేత. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరములు, సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు ఒకటియగుటను మొట్టమొదటిసారి పట్టినవి. వాని ద్రవ్యరాశులు సూర్యునికి 36, 29 రెట్లు; కలిసిన పిమ్మట మిగిలినది 62 రెట్లు. తక్కిన మూడు సూర్యుల ద్రవ్యరాశి తరంగశక్తిగా మారిపోయెను. భ్రమణములు పరిభ్రమణముతో ఏకదిశలో నున్నచో జంట మరికొన్ని చుట్లు తిరిగి కలియును. ఎదురు దిశలో నున్నచో త్వరగా కలియును. వాలియున్నచో తిరుగుదారియే బొంగరమువలె ఊగి, తరంగముల బలము హెచ్చుచు తగ్గుచుండును.

2024 అక్టోబరు 11న సుమారు 70 కోట్ల కాంతి సంవత్సరముల దూరమునుండి వచ్చిన తరంగములో, పెద్ద కృష్ణబిలము మిక్కిలి వేగముగా తిరుగుచుండెను. నవంబరు 10న సుమారు 240 కోట్ల కాంతి సంవత్సరముల దూరమునుండి వచ్చినదానిలో, పెద్దది పరిభ్రమణమునకు ఎదురుగా తిరుగుచుండెను. ఈ రెండింటి వివరములు 2025 అక్టోబరులో వెలువడినవి. సమానమైన రెండు కృష్ణబిలములు కలిసినప్పుడు పుట్టునది, సాధ్యమైన గరిష్ఠ భ్రమణములో ఇంచుమించు పదింట ఏడు వంతులతో తిరుగును. కావున ఇట్టి జంటలలోని పెద్దది, తానే ఒక పూర్వపు కలయికకు బిడ్డయై యుండవచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ.

అయినను ఒక్క జంటను చూచి తీర్పు చెప్పరాదు. నక్షత్రము పేలునప్పటి తాకిడికి కవలల తిరుగుదారియు వాలవచ్చును. సంతలో కూర్చిన జతయు ఒక్కొక్కప్పుడు చక్కగా కుదురును గదా! ఇంతవరకు పట్టుబడిన జంటలలో పెక్కింటి భ్రమణము స్వల్పము. వానినన్నిటిని కలిపి చూడగా, రెండు దారులును నడచుచున్నవనియే తోచుచున్నది. ఏ దారిన ఎన్ని వచ్చినవో తేల్చుటకు ఇంకను అనేక జంటలు కావలెను.

ఈ పనిలో మనకును పాలు గలదు. పొరుగున మహారాష్ట్రలో, హింగోలి జిల్లాలోని ఔండా వద్ద, నాలుగు కిలోమీటర్ల భుజములు గల లైగో-ఇండియా నిర్మాణమునకు 2023 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ఆమోదము తెలిపెను. తక్కిన కేంద్రములకు దూరముగా నుండుటచే, తరంగము ఆకాశమున ఏ మూలనుండి వచ్చినదో, జంట ఎట్లు వాలియున్నదో తేల్చుటకు అది తోడ్పడును.

కృష్ణబిలముల వంశచరిత్ర మనకేల యందురేమో! మనము పీల్చు గాలిలోని ప్రాణవాయువును ప్రధానముగా వండినది భారీ నక్షత్రముల జాతియే. ఆ జాతి ఎట్లు బ్రతికినదో, ఎట్లు ముగిసినదో చెప్పగల సాక్షులలో కృష్ణబిలములు ముఖ్యమైనవి. తుడిచిన పలకమీద మిగిలిన ఆ ఒక్క గీతను చదువుటయే నేటి ఈ ప్రయత్నము.