కళ్ళద్దాలూ పనిముట్లే

(బీడీ కార్మిక స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి ఈ సమావేశంలో కూలి రేట్ల గురించి, పీఎఫ్ గురించి, పింఛన్ల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు కళ్ళ గురించి చెప్పమని నన్ను పిలిచారు. హక్కుల సభలో కళ్ళ పాఠమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను డాక్టర్ని కాను. కంటి పరీక్ష చేసి అద్దాల నంబరు రాసిచ్చే ఉద్యోగం చేశాను. నిజామాబాద్, జగిత్యాల వైపు పల్లెల్లోనే నా సర్వీసంతా గడిచింది. నా ముందు కుర్చీలో కూర్చున్న ఆడవాళ్ళలో ఎక్కువమంది బీడీలు చుట్టేవాళ్ళే. వాళ్ళ కళ్ళు చూస్తూ నేను తెలుసుకున్నది ఒకటుంది. చూపు తగ్గితే మొదట తగ్గేది కూలి. కాబట్టి నా మాటలను ఇందాకటి కూలి చర్చకు కొనసాగింపుగానే వినండి.

నలభై ఏళ్ళు దగ్గర పడగానే దగ్గరి చూపు మసకబారడం అందరికీ జరుగుతుంది. దీన్నే మన పెద్దలు చత్వారం అన్నారు. కంటిలో ఒక కటకం ఉంటుంది. దూరం చూసేటప్పుడు అది పలచబడుతుంది, దగ్గర చూసేటప్పుడు ఉబ్బుతుంది. వయసు పెరిగేకొద్దీ అది బిగుసుకుపోయి, ఉబ్బే శక్తి పోతుంది. ఇది జబ్బు కాదు. జుట్టు నెరిసినట్టే ఇదీ. దీన్ని శాశ్వతంగా నయం చేసే మందుల్లేవు, చుక్కల్లేవు. సులువైన మార్గం అద్దాలే.

కానీ మన దగ్గర ఏం జరుగుతోంది? నలభై రెండేళ్ళ అక్క ఒడిలో చాట పెట్టుకుని కూర్చుంటుంది. తునికాకు ఈనె ఎటు పోయిందో సరిగ్గా కనిపించదు. కత్తెర పక్కకు పోతుంది. తంబాకు ఒక బీడీలో ఎక్కువ, ఒక బీడీలో తక్కువ పడుతుంది. దారం చుట్టు జారుతుంది. ఖార్ఖానాకు తీసుకుపోతే పనికిరావని పక్కకు తోసిన బీడీల కుప్ప పెరుగుతుంది. ఆకు వృథా అయిందని సొంత డబ్బుతో ఆకు కొనుక్కొస్తుంది. ఇదివరకు పొద్దుగూకే లోపు అయ్యే పని రాత్రి పదింటి దాకా సాగుతుంది. ఆమె ఏమనుకుంటుంది? "నా చేతులు పడిపోయినయి, నాకు వయసయిపోయింది" అనుకుంటుంది. కొంతకాలానికి పని బిడ్డకు అప్పగిస్తుంది. ఆ బిడ్డ బడి మానేస్తుంది. చత్వారానికి అద్దాలు లేకపోవడం వల్ల ఒక ఆడపిల్ల చదువు ఆగిపోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకోవద్దు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీల మీద ఒక అధ్యయనం చేశారు, దాని ఫలితాలు 2018లో వచ్చాయి. వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. కొందరికి దగ్గరి చూపు అద్దాలు వెంటనే ఇచ్చారు, మిగిలినవారికి అధ్యయనం ముగిశాక ఇచ్చారు. అద్దాలు అందినవారు కోసే ఆకు, అందనివారితో పోలిస్తే, సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. బంగ్లాదేశ్ పల్లెల్లో చేసిన మరో అధ్యయనం 2024లో వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత చూస్తే అద్దాలు అందినవారి ఆదాయం అందనివారి కంటే సుమారు 33 శాతం ఎక్కువగా ఉంది. చవకగా దొరికే ఒక జత అద్దాలు చేసిన పని అది. మనం వెయ్యి బీడీలకు పది రూపాయలు పెంచమని ఎన్ని ధర్నాలు చేస్తామో గుర్తు తెచ్చుకోండి. కూలి పెరగాలి, అది వేరే మాట. కానీ కళ్ళద్దాలు లేక మనం పోగొట్టుకుంటున్న కూలి సంగతి ఎవరూ లెక్కలో వేయడం లేదు.

ప్రపంచంలో చూపు లోపంతో బతుకుతున్న వారిలో కనీసం వంద కోట్ల మందికి ఆ లోపాన్ని రాకుండా ఆపగలిగేవాళ్ళమనో, లేక వాళ్ళకు ఇంకా చికిత్స అందలేదనో 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2020 నాటి అంచనాల ప్రకారం చూపు లోపం ఉన్నవారిలో 55 శాతం స్త్రీలు, బాలికలే. స్త్రీలు ఎక్కువకాలం బతకడం దీనికి ఒక కారణం. కానీ అదొక్కటే కాదు. ఆస్పత్రికి పోవడానికి చేతిలో డబ్బులుండాలి, తోడు ఎవరైనా రావాలి, ఒకరోజు వంట ఇంకొకరు చేయాలి. ఈ మూడూ ఇంట్లో మగవాడికి అడక్కుండానే అమరుతాయి. మనకు అడిగినా అమరవు. "నీకేం కనబడాలె, నువ్వేమన్నా ఆఫీసుకు పోతవా" అన్న మాట నా గదిలోనే, నా ఎదుటే, భార్యతో అన్న భర్తలున్నారు. బియ్యంలో రాయి పంటికి తగిలితే మాత్రం ఆ కళ్ళ గురించే తిట్లు.

ఇక ఆడపిల్లల సంగతి. పిల్ల నల్లబల్ల మీది అక్షరాలు కనబడక పక్కపిల్ల పుస్తకంలో చూసి రాసుకుంటుంది. కళ్ళు చికిలించి చూస్తుంది, పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. టీచరు పరీక్ష చేయించమంటే తల్లిదండ్రుల మొదటి భయం పెళ్ళి. "అద్దాల పిల్లకు సంబంధాలు ఎట్లొస్తయి?" నంబరు రాసిచ్చినా కొనరు. కొన్నా బడిలోనే పెట్టుకోమంటారు, చుట్టాలొస్తే తీసేయమంటారు. అదే ఇంట్లో కొడుకు అద్దాలు పెట్టుకుంటే "బాగా చదువుతడు" అని మురిసిపోతారు. ఒక్క సంగతి చెబుతాను. చిన్నతనంలో ఒక కంటికి నంబరు ఎక్కువుండి అద్దాలు పెట్టకపోతే మెదడు ఆ కంటిని వాడుకోవడమే మానేస్తుంది. ఏడెనిమిదేళ్ళ లోపు సరిదిద్దితే మంచి ఫలితం ఉంటుంది. తర్వాత ఎంత ఖరీదైన అద్దాలు పెట్టినా ఆ కంటికి పూర్తి చూపు రావడం కష్టం. పెళ్ళిచూపుల కోసం దాచిన లోపం జీవితాంతం నిలిచిపోతుంది.

అద్దాలు పెట్టుకుంటే నంబరు పెరుగుతుందన్నది ఇంకో అపోహ. ఎదిగే వయసులో కన్ను పెరుగుతుంది కాబట్టి నంబరు పెరుగుతుంది. అద్దాలు మానేస్తే అది ఆగదు. పెరగడాన్ని కొంత తగ్గించే మార్గం ఆరుబయట గడపడం. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడిపిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేస్తే, మూడేళ్ళలో కొత్తగా దూరపుచూపు లోపం వచ్చిన పిల్లల శాతం సుమారు 39 నుంచి 30కి తగ్గిందని 2015లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. మరి మనం ఏం చేస్తున్నాం? పెద్దమనిషి కాగానే ఆడపిల్లను ఆటకు పంపడం మానేస్తాం. గదిలో కూర్చోబెట్టి ఆకు కత్తిరించమంటాం. ఆటస్థలం మగపిల్లల సొత్తు కావడం కూడా కళ్ళకు చెరుపే.

ఇప్పుడు అద్దాలు ఎట్లా ఉండాలో చెబుతాను. దయచేసి గుర్తుపెట్టుకోండి.

పరీక్ష చేసేవారికి మీ పనేమిటో తప్పకుండా చెప్పండి. పేపరు చదివే దూరం వేరు, ఒడిలో చాట పెట్టుకుని చుట్టే దూరం వేరు, మగ్గం మీద అల్లు చూసే దూరం వేరు. దూరాన్ని బట్టి నంబరు మారుతుంది. వీలైతే నాలుగు ఆకులు, కత్తెర, దారం వెంట తీసుకుపోండి. అక్కడే కూర్చుని పనిచేసి చూసి, సుఖంగా ఉందంటేనే నంబరు ఖాయం చేయించుకోండి. నంబరు రాసిన కాగితం మీది. దుకాణంవాళ్ళు ఉంచేసుకుంటామంటే ఒప్పుకోవద్దు.

సంతలో దొరికే అద్దాలు కొనవచ్చా అని అడుగుతారు. రెండు కళ్ళకూ ఒకే నంబరుండి, దూరపుచూపు బాగుండి, చత్వారం ఒక్కటే ఉంటే అవి దగ్గరి పనికి పనికొస్తాయి, కళ్ళు చెడిపోవు. కానీ రెండు కళ్ళకు వేరువేరు నంబర్లుంటే, అడ్డం నిలువు తేడా ఉంటే అవి సరిపోవు, తలనొప్పి వస్తుంది. అసలు ప్రమాదం ఇంకోటుంది. సంతలో అద్దాలు దొరుకుతాయి గానీ పరీక్ష దొరకదు. చత్వారమే అనుకున్న మసక వెనక వేరే జబ్బు దాగి ఉండవచ్చు.

వీటిలో నీటికాసులు అన్నిటికంటే మోసకారి. ఎక్కువమందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పక్కచూపు మెల్లమెల్లగా పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలినదాన్ని మందులతోనో ఆపరేషన్‌తోనో కాపాడుకోవడమే. షుగరు కంటి వెనక పొరను తినేస్తుంది, అదీ మొదట్లో తెలియదు. షుగరుందని తెలిసిన రోజు నుంచి ఏటా ఒకసారి ఆ పొరను పరీక్ష చేయించుకోవాలి. గర్భిణికి ముందే షుగరుంటే మరింత జాగ్రత్త. నలభై దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి చూపుతోపాటు కంటి ఒత్తిడి, కంటి నరం చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా నీటికాసులుంటే ఆలస్యం చేయకూడదు.

శుక్లం గురించి మనవాళ్ళకు తెలుసు, మోతిబిందు అంటారు. "ఇంకా పండలేదు, పండినంక చేయిస్తం" అని ఏళ్ళకేళ్ళు వాయిదా వేస్తారు. పండేదాకా ఆగాలన్నది పాతకాలపు మాట. పనికి అడ్డం వస్తున్నప్పుడే తీయించుకోవచ్చు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. దాని కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ ఆపరేషన్ ఉచితం. శిబిరంలో చేయించుకుంటే ఎవరు చేస్తున్నారు, తిరిగి ఎప్పుడు చూపించుకోవాలి, రాత్రిపూట నొప్పి వస్తే ఎవరిని కలవాలి అన్నవి కాగితం మీద రాయించుకోండి. ఉచితంగా చేశారు కదా అని నోరు మూసుకోనవసరం లేదు. కట్టెల పొయ్యి పొగకూ శుక్లాలకూ సంబంధం ఉందని మన దేశంలో జరిగిన అధ్యయనాలు చెప్పాయి. పొయ్యి ముందు కూర్చునేది ఎవరో మీకు చెప్పనక్కరలేదు.

కంట్లో వడ్లగింజ పడినా, గడ్డిపోచ గుచ్చుకున్నా ఆకు పసర్లు, ఆముదం, చనుబాలు పోయవద్దు. నల్లగుడ్డు మీద పుండై, మానినా పువ్వు మిగులుతుంది. శుభ్రమైన నీళ్ళతో కడిగి అదే రోజు ఆస్పత్రికి పోవాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలతోనూ జాగ్రత్త. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దురద వెంటనే తగ్గుతుంది. నెలల తరబడి వేసుకుంటే నీటికాసులు, శుక్లం రెండూ రావచ్చు.

అద్దాలను పైట కొంగుతో తుడవకండి. కొంగుకు అంటిన తంబాకు దుమ్ము గీతలు పెడుతుంది. నీళ్ళతో కడిగి మెత్తని నూలుగుడ్డతో ఒత్తండి. పనిచేసేటప్పుడు వెలుతురు మీ వెనక నుంచో పక్క నుంచో చాట మీద పడేట్టు కూర్చోండి. తంబాకు చేతులతో కళ్ళు నలుపుకోకండి.

ఇదంతా మన జాగ్రత్త. మరి బాధ్యత ఎవరిది? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 17వ సెక్షన్ చాలినంత వెలుతురు గురించి, 35వ సెక్షన్ కళ్ళ రక్షణ గురించి చెప్పాయి. 2020లో దాని స్థానంలో పార్లమెంటు కొత్త కోడ్ చేసింది. కానీ ఖార్ఖానా పని మన ఇళ్ళలోకి వచ్చినప్పుడు ఆ వెలుతురు బాధ్యత దానితో రాలేదు. బల్బు మనది, కరెంటు బిల్లు మనది, కళ్ళు మనవి. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. బీడీల మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో డిస్పెన్సరీలు నడిపారు. కళ్ళద్దాలకు కొంత సాయం కూడా ఆ పథకాల్లో చేర్చారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సు పోయింది. గుర్తింపు కార్డు లేని అక్కకు ఆ సాయం ముందు కూడా అందలేదు.

ప్రభుత్వం తలచుకుంటే చేయగలదని మనం కళ్ళారా చూశాం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలై ఊరూరా పరీక్షలు జరిగాయి. 2023లో రెండో విడత చేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019 అక్టోబరులో అటువంటి కార్యక్రమం మొదలైంది. ఊళ్ళోనే పరీక్ష పెడితే ఆడవాళ్ళు బారులు తీరి వచ్చారు. ఆడవాళ్ళకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదన్న మాట అబద్ధమని అక్కడే తేలింది. కానీ కళ్ళు ఐదేళ్ళకోసారి వచ్చే పండుగ కాదు. అద్దాల నంబరు మారుతుంది, అద్దం పగులుతుంది, షుగరు కొత్తగా వస్తుంది. పరీక్ష ఏటా ఉండాలి, ఊళ్ళో ఉండాలి. అందరికీ కంటిచూపు అన్న తీర్మానాన్ని 2021 జూలైలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించింది. మనం అడగబోయేది కొత్తదేమీ కాదు.

అందుకే ఈ సమావేశం ముందు నాలుగు కోర్కెలు పెడుతున్నాను. ఏడాదికోసారి ప్రతి బీడీ కార్మికురాలికీ, పని జరిగే ఊళ్ళోనే, కంటి పరీక్ష. ఆమె పనిదూరానికి తగిన అద్దాలు ఉచితంగా, నంబరు రాసిన నెలలోపు. గుర్తింపు కార్డు లేదన్న సాకుతో ఎవరినీ తిప్పి పంపకూడదు. బడిలో ఆడపిల్లల చూపు పరీక్షించి ఊరుకోకుండా, అద్దాలు అందాయా, పెట్టుకుంటున్నారా అని టీచర్లు, సంఘం కలిసి చూడాలి.

ఈ కోర్కెలు కలెక్టరుగారి బల్ల మీదికి పోయేలోపు మనం చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి సంఘంలో నలభై దాటినవాళ్ళ పేర్లు రాయండి. పేరు పక్కన చివరిసారి కళ్ళు చూపించుకున్న సంవత్సరం రాయండి. "ఎన్నడూ లేదు" అన్నవాళ్ళను ముందు తీసుకుపోండి. ఒక్కొక్కరిగా పోతే ఇంట్లో అడ్డుపడతారు, పదిమంది కలిసి ఆటో మాట్లాడుకుని పోతే ఎవరూ ఆపరు. ఆ రోజు వంట సంగతి ఇంట్లో మిగిలినవాళ్ళు చూసుకుంటారు. వాళ్ళకూ కళ్ళున్నాయి, చేతులున్నాయి.