కాలు నేల మోపని పయనము: తొలి లాంగుబోర్డు నెన్నుకొను విధము



బండి కొనదలచిన రైతు సంతకు పోయి ముందుగా చూచునది రంగు కాదు. కుండ చూచును, ఇరుసు చూచును, ఆకులు తట్టి చూచును. తన యెద్దుల యెత్తునకు అది సరిపడునా, తన యూరి బాటలో ఆ చక్రము దిగబడకుండునా యని యోచించును. బేరము ఆ పిమ్మటనే. ఈ తెలివి మన పల్లెలలో తరతరములుగా నున్నది. నేడు నేను చెప్పబోవు వస్తువు మన పల్లెలలో పుట్టినది కాదు గాని, దానిని కొనుటకు కావలసిన తెలివి మాత్రము ఇదియే.

ఆ వస్తువు పేరు లాంగుబోర్డు. నాలుగు చిన్న చక్రములమీద నిలిపిన పొడవైన చెక్క పలక యది. దానిపై మనుష్యుడు నిలుచుండి పయనించును. అమెరికాలో సియాటిల్, డల్లసు, న్యూజెర్సీ మొదలగు చోట్ల మన తెలుగు కుటుంబము లనేకములు స్థిరపడి యున్నవి. అక్కడ పెరుగు మనుమడు "తాతయ్యా, నాకొక లాంగుబోర్డు కావాలి" అని పుట్టినరోజు కానుకగా అడుగుట వింత కాదు. అప్పుడు తాతగారు రెండు విధములలో నొకటి చేయుదురు. "చక్రాల పలకా? ఎముకలు విఱుగును, వలదు" అని త్రోసిపుచ్చుట యొకటి. అడిగినంత పైకమిచ్చి చేతులు దులుపుకొనుట రెండవది. ఈ రెండును సరికావు. మొదటిదానివలన పిల్లవాడు మంచి వ్యాయామమును కోల్పోవును. రెండవదానివలన, కంటికి నచ్చిన తగని పలక నొకదానిని కొని, పది దినములు పెనుగులాడి, మణికట్టుకు కట్టు కట్టించుకొని, పలకను మూల పడవేయును. కనుక విషయ మెఱిగి ఔననుటయో, ఎఱిగి కాదనుటయో మేలు.

స్కేటుబోర్డు 1950 ప్రాంతములలో కాలిఫోర్నియా సముద్రతీరమున వ్యాప్తికి వచ్చినది. అలలమీద పలకనెక్కి విహరించు యువకులు, అలలు లేని దినములలో నేలమీద నట్టి విహారమే కావలెనని కోరి పలకకు చక్రములు తగిలించిరి. తొలినాటి చక్రములు ఇనుపవి. తరువాత బంకమట్టి కలిపిన మిశ్రమముతో చేసినవి వచ్చినవి. గులకరాయి యడ్డమైనను ఆ చక్రము నిలిచిపోవును, పైనున్నవాడు ముందునకు పడును. 1970 తరువాతి సంవత్సరములలో ఫ్రాంక్ నాస్వర్తీ యనునాతడు యురితేను అను పదార్థముతో చేసిన చక్రములను విక్రయమునకు తెచ్చెను. అవి రబ్బరువలె నేలను పట్టుకొనును, కదలికను మెత్తన చేయును, త్వరగా అరగవు. నేడు దూరప్రయాణమునకు పలక పనికివచ్చుచున్నదన్న, దానికి మూలము ఆ చక్రమే.

దూరమన నెంత? 2007 మే నెలలో జేమ్సు పీటర్సు అనునాతడు సియాటిల్ నగరమున 24 గంటలలో 184 మైళ్లు పయనించెను. ఆ సంవత్సరమే న్యూజీలాండు వాసియగు రాబ్ థామ్సన్ స్విట్జర్లాండులో బయలుదేరి, ఐరోపా, ఉత్తర అమెరికా, చైనాల మీదుగా 2008 సెప్టెంబరులో షాంఘై చేరెను. పలకమీద ఆతడు నడచిన దూరము 12,159 కిలోమీటర్లు. ఇవి అసాధారణుల లెక్కలు. అభ్యాసము గల సామాన్యుడు సాయంకాలమున అయిదారు మైళ్లు పోయి వచ్చుట మాత్రము సామాన్యమే.

పలకను నడుపుటకు రెండు పద్ధతులు గలవు. మొదటిది, ఒక కాలు పలకమీద నుంచి రెండవ కాలితో నేలను వెనుకకు దన్నుట. రెండవది పంపింగు. ఇందు రెండు కాళ్లును పలకమీదనే యుండును. మనుష్యుడు నడుమును, భుజములను, మోకాళ్లను లయతో త్రిప్పుచు పలకను కుడికి ఎడమకు మలుపును. పలక గోమూత్రికవలె వంకరలు పోవుచు ముందునకు సాగును. ఇది యెట్లు సాధ్యమని మీరడుగవచ్చును. అట్లతద్దినాడు ఊయెలమీద నిలుచున్న ఆడుపిల్లను తలచుకొనుడు. ఎవ్వరును త్రోయకయే, మోకాళ్లు వంచి, తగిన క్షణమున లేచి, ఆమె ఊపును పెంచుకొనును. ఆ బలము ఆమె కాళ్లలోనిదే. ఇక్కడను అంతియే. మలుపులో శరీరము వెలుపలికి లాగబడును. ఆ లాగుడున కెదురుగా కాళ్లతో అదిమి శరీరమును లోపలికి తెచ్చునప్పుడు, కాళ్లు చేసిన పని వేగముగా మాఱును. క్షణము తప్పిన ఊయెల ఆగినట్లే పలకయు ఆగును.

ఇట్టి నడకకు ఏ పలకయైనను చాలదు. కొండవాలున దిగుటకు చేసిన పలక వేఱు, విన్యాసములు చేయు పొట్టి పలక వేఱు, పంపింగు పలక వేఱు. మాగాణిలో దమ్ముచేయు పనిముట్టును మెట్టచేనికి తీసికొనిపోము గదా! కనుక ఒక్కొక్క భాగమును విడివిడిగా చూతము.

మొదట పలక. నేర్చుకొనువానికి 30 మొదలు 40 అంగుళముల పొడవు చాలును. కాని మొత్తము పొడవుకన్న ముఖ్యమైనది ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ నుండు దూరము. ఇది ఇంచుమించు 22 మొదలు 27 అంగుళములలోపల నుండుట మేలు. ఈ దూరము తగ్గిన కొలది పలక తేలికగా మలగును, ఊపు త్వరగా అందును, కాని వేగము పెరిగినపుడు తడబడును. దూరము పెరిగిన కొలది నిలకడ హెచ్చును, కాని ఊపు నారంభించుట కష్టము. పలక నేలకు మిక్కిలి దగ్గఱగా నుండిన కాలితో దన్నుట సులభము, దిగుట సులభము. కొంచెము ఎత్తుగా నుండిన మలపుటకు పట్టు దొరకును, కాని దన్నుటకు ప్రతిసారియు మోకాలు లోతుగా వంగవలెను. తొలిదినములలో దన్నుట యెక్కువ, ఊపు తక్కువ. కాబట్టి మధ్యమమైన యెత్తు మంచిది. పైభాగమున గరుకు కాగితమువంటి పూత తప్పక యుండవలెను. అది లేనిచో పాదము జారును.

రెండవది, ఇరుసును పలకకు బిగించు లోహపు భాగము. దీనిని ట్రక్కు అందురు. సరకులు మోయు లారీకిని దీనికిని సంబంధము లేదు. మనుష్యుడు ఒక ప్రక్కకు ఒరగినప్పుడు ఇరుసును ఆ వైపునకు త్రిప్పునది ఇదియే. పంపింగునకు ప్రాణమంతయు నిందులోనే యున్నది. ముందు ట్రక్కు విశేషముగా తిరుగవలెను. వెనుక ట్రక్కు కొద్దిగా మాత్రమే తిరుగవలెను. బైసికిలునకు ముందు చక్రము తిరుగును, వెనుక చక్రము దానిని వెంబడించును. ఆ న్యాయమే యిక్కడను. ఈ తిరుగుడును ఇరుసు కీలు వాలిన కోణమునుబట్టి డిగ్రీలలో చెప్పుదురు. ముందు 50 మొదలు 60 డిగ్రీలు, వెనుక 20 మొదలు 30 డిగ్రీలు ఉండుట పంపింగునకు అనుకూలము. సాధారణపు పలకకు రెండు వైపులను ఒకే కోణమున్న ట్రక్కులు వచ్చును. అట్టిదానినే ముందుగా కొన్నవాడు నిరాశ చెందనక్కఱలేదు. ట్రక్కునకును పలకకును నడుమ వాలుగా కోసిన బిళ్లను బిగించి, ముందు కోణమును పెంచవచ్చును, వెనుక కోణమును తగ్గింపవచ్చును. ఈ బిళ్లల వెల స్వల్పము.

ట్రక్కు నడుమ యురితేనుతో చేసిన చిన్న మెత్తలుండును. వీనిని బుష్షులందురు. ఒరగిన పలకను తిరిగి నిలువునకు తెచ్చునవి యివియే. వీని గట్టిదనమును అంకెతో గుర్తింతురు. అంకె పెద్దదైన కొలది గట్టిదని తెలియునది. ముందు మెత్తనివి, వెనుక గట్టివి ఉండవలెను. మనుష్యుని బరువు హెచ్చిన కొలది రెంటిని గట్టివానిగా మార్చుకొనవలెను. 50 కిలోల పిల్లవానికి చక్కగా నమరిన పలక 90 కిలోల తండ్రికి సోలిపోవుచు నుండును. కనుక అంగడివానికి ఎక్కువాని బరువు చెప్పక పలక కొనరాదు.

మూడవది చక్రము. అడ్డుకొలత 70 మొదలు 75 మిల్లీమీటర్లు గలది నేర్చుకొనువానికి చాలును. 80 దాటిన చక్రము పగుళ్లను సులభముగా దాటును, వచ్చిన వేగమును నిలుపుకొనును, కాని కదలుటకు బరువు. పైగా పలక బాగుగా ఒరగినప్పుడు పెద్ద చక్రము పలక యడుగును తాకి చటుక్కున ఆగును. ఎక్కినవాడు ఎగిరిపడును. కొనకముందే పలకనెక్కి నిండుగా ఒరగి, చక్రము తగులుచున్నదేమో చూచుకొనవలెను. చక్రపు గట్టిదనము 75 మొదలు 80 అంకెలలోపల నుండవలెను. అంతకన్న గట్టిది బాటలోని గరుకునంతటిని పాదములకు చేరవేయును.

నాలుగవది బేరింగు, అనగా చక్రములో తిరుగు ఉక్కు గుండ్ల వలయము. లోపలి రంధ్రము 8, వెలుపలి కొలత 22, మందము 7 మిల్లీమీటర్లుగా ఇవి అన్ని పలకలకును ఒక్కటే. పెట్టెమీద పెద్ద అంకెలు వేసి హెచ్చు వెల చెప్పుదురు. ఆ అంకె పనితనపు సూక్ష్మతను చెప్పునే కాని, పరుగును చెప్పదు. శుభ్రపఱచి నూనెవేసిన సామాన్యపు బేరింగు, దుమ్ముపట్టిన ఖరీదైన దానికన్న మేలు. కందెన వేయని బండి యెట్లు కిఱ్ఱుమనునో మీకు తెలియనిది కాదు. వాననీటిలో పలకను నడుపరాదు, బేరింగు తుప్పుపట్టును.

ఇక వెల. భాగములన్నియు అమర్చి అమ్ము సిద్ధమైన బోర్డును కొనుటయే తొలివానికి క్షేమము. పంపింగునకే ప్రత్యేకముగా కూర్చినది అమెరికాలో 300 డాలర్లు దాటుట అరుదు కాదు. అంత పెట్టలేనిచో మంచి ట్రక్కులున్న వాడిన పలకను వెదకుట, అంగడిలో బొమ్మలవలె అమ్ము చవుక పలకను క్రొత్తగా కొనుటకన్న లాభము. చక్రమును మార్చవచ్చును, మెత్తలను మార్చవచ్చును. ట్రక్కులు పనికిరానివైనచో మిగిలినదంతయు వ్యర్థము. పైకమంతయు పలకకే పెట్టుటయు తప్పు. శిరస్త్రాణము, మణికట్టు తొడుగులు, అడుగు చదునుగా నున్న బూట్లు ఆ వెలలోనివే యని యెంచవలెను. శిరస్త్రాణము కొనుటకు ఒప్పుకొననివానికి పలక కొనిపెట్టరాదు.

నేర్చుకొనుటలో ఒక క్రమము గలదు. మొదట కాలితో దన్నుట, పిదప కాలిని నేలకు రాచి ఆపుట, ఆ తరువాతనే ఊపు. ఆపుట రానివానికి ఊపు నేర్పుట, కళ్లెము లేని గుఱ్ఱము నెక్కించుట. జనసంచారము లేని చదునైన స్థలము కావలెను. దన్ని నడక వేగమునకు వచ్చిన పిమ్మట, ముందు పాదమును ఏటవాలుగా ముందునకు త్రిప్పి, చిన్న చిన్న వంకరలతో ఆరంభింపవలెను. చూపు పాదములమీద గాక దారిమీద నుండవలెను. మఱియొక హెచ్చరిక: ముందు ట్రక్కు తేలికగా తిరుగు ఈ పలక కొండవాలున దిగుటకు తగినది కాదు. వేగము హెచ్చిన ముందుభాగము కంపించి మనుష్యుని పడవేయును. వాలు వచ్చినచో దిగి నడచుట అవమానము కాదు.

మనుమడు సెలవులకు పలకతో మన యూరికి వచ్చినచో? మన రోడ్లను పెద్దలే యెఱుగుదురు. కంకర లేచినచోటను, వడ్లు ఆరబోసినచోటను, బఱ్ఱెలు తిరుగుచోటను ఈ చక్రము నిలువదు. బడి యావరణలో సిమెంటు నేల యున్నచో, తెల్లవారుజామున అక్కడ ఆడనిండు. బస్సులు తిరుగు బాటమీదకు మాత్రము పోనీయకుడు.

కావున పిల్లలు ఈ పలకను కోరినపుడు మీరు మూడు ప్రశ్నలు వేయుడు. ఎక్కడ నడుపుదువు? నీ బరువునకు తగినట్లు అమర్చి యిత్తురా? ఆపుట నేర్చితివా, లేక ఎవరు నేర్పుదురు? ఈ మూటికి తిన్నని సమాధానము వచ్చినచో పైకమిండు. రానిచో, వచ్చువఱకు ఆగుమని చెప్పుడు. కారణము చెప్పి ఆగుమన్న పెద్దమాటను పిల్లలు మన్నింతురు. కారణము చెప్పక కాదన్నచో, చాటున కొని చాటున పడుదురు.