నింపాదిగా ఒక ప్రయాణం: కారు, సైకిలు, డాన్యూబ్ గట్టు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరుసలో అప్పటిలాగే కబుర్లు చెప్పుకుంటున్న మా బ్యాచ్ వాళ్ళకి ఒక విన్నపం: ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి, తర్వాత భోజనాలే.

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నీ ఇంజినీరింగు సంగతులు వద్దురా, జనం నిద్రపోతారు. మొన్న మీరిద్దరూ ఫారిన్‌లో సైకిళ్ళు తొక్కొచ్చారట కదా, అది చెప్పు" అన్నాడు. సరే అన్నాను. అయితే నేను చూసినవన్నీ వర్ణించబోవడం లేదు. ఆ ప్రయాణాన్ని ఎలా వేసుకున్నామో చెబుతాను. ఈ హాల్లో సగం మందికి పిల్లలు విదేశాల్లో ఉన్నారు. ఏటా ఎవరో ఒకరు వెళ్తూనే ఉన్నారు. చాలామంది పది రోజుల్లో ఐదారు దేశాలు చుట్టి వస్తారు. ఇంటికొచ్చి ఫోటోలు తిప్పుతూ "ఇది ఏ ఊరండీ?" అని ఒకరినొకరు అడుగుతారు. అంత దూరం, అంత ఖర్చు పెట్టి వెళ్ళినవాళ్ళు కాస్త నింపాదిగా ఎలా తిరగవచ్చన్నదే నా విషయం.

ముందు ఒక్క మాట. మా నాన్నగారు ముప్పై ఐదేళ్ళు ఉద్యోగం చేశారు. అమ్మ కాశీ అన్నప్పుడల్లా "రిటైరయ్యాక తీరిగ్గా వెళ్దాం" అనేవారు. రిటైరయ్యారు, తీరికా వచ్చింది. అప్పటికి అమ్మ మోకాళ్ళు ఆవిడ మాట వినడం మానేశాయి. కాశీ వెళ్ళనే లేదు. మా ఆవిడ మోకాలికి రెండేళ్ళ క్రితం నొప్పి మొదలైనప్పుడు నాకు ఆ మాటే గుర్తుకొచ్చింది. డాక్టరుగారు "మెట్లు తగ్గించండి, చదును నేల మీద సైకిలు మాత్రం మంచిదే" అన్నారు. ఆ మాట పట్టుకుని మొదలైంది ఈ ప్లాను.

మా అమ్మాయి మ్యూనిక్‌లో చదువుతోంది. అక్కడి నుంచి తూర్పుగా రెండు గంటలు కారులో వెళ్తే పాసౌ అనే ఊరు వస్తుంది. అక్కడ ఇన్, ఇల్ట్స్ అనే రెండు నదులు వచ్చి డాన్యూబ్‌లో కలుస్తాయి. పాసౌ నుంచి వియన్నా దాకా నది పక్కనే సుమారు 300 కిలోమీటర్లకు పైగా సైకిలు దారి ఉంది. యూరప్‌లో బాగా పేరున్న దారుల్లో అదొకటి. దాన్నే ఎందుకు ఎంచుకున్నామంటే, అది చదునైన దారి. పాసౌ సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంటే, వియన్నా దాదాపు 160 మీటర్ల ఎత్తున ఉంది. అంటే కిలోమీటరుకి అర మీటరు కూడా వాలు లేదు. పైగా ఆ లోయలో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. పడమర నుంచి తూర్పుకి తొక్కితే వాలూ మనవైపే, గాలీ మనవైపే. మోకాలి నొప్పి ఉన్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ దారి పుట్టుక మనకి బాగా అర్థమయ్యే సంగతి. పూర్వం సరుకు పడవల్ని ఏటికి ఎదురు నడపాలంటే గుర్రాలకు తాళ్ళు కట్టి గట్టు మీద నుంచి లాగించేవారు. ఆ గుర్రాల బాటలే చాలాచోట్ల ఇవాళ్టి సైకిలు దారులు. మన డెల్టా కాలవల మీద మనుషులే భుజానికి తాడు వేసుకుని పడవలు లాగేవారని మన తాతలు చెప్పేవారు. లాకుల దగ్గర పడవ ఎలా పైకి లేస్తుందో, ఎలా దిగుతుందో మనలో చాలామందికి చిన్నప్పుడే తెలుసు. కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ బడికి వచ్చినవాళ్ళకి డాన్యూబ్ గట్టు కొత్తగా అనిపించదు.

ఇక ప్లాను. పదహారు రాత్రులు, ఐదు మకాములు: మ్యూనిక్‌లో మూడు, పాసౌలో మూడు, వాఖావ్ లోయలోని మెల్క్‌లో నాలుగు, వియన్నాలో మూడు, తిరుగు దారిలో సాల్జ్‌బర్గ్ దగ్గర వోల్ఫ్‌గాంగ్ సరస్సు ఒడ్డున మూడు. మొత్తం మీద కారు తిరిగింది 950 కిలోమీటర్లు. సైకిలు తొక్కింది ఐదు రోజుల్లో 170 కిలోమీటర్లు.

దీని వెనక మేం పెట్టుకున్న నియమాలు నాలుగు. ఒకటి, ఏ ఊళ్ళోనూ మూడు రాత్రులకు తక్కువ ఉండకూడదు. పెట్టె విప్పి మళ్ళీ సర్దడంలోనే సగం సెలవు పోతుంది. రెండు, కారులో రోజుకి మూడు గంటలకు మించి ప్రయాణం వద్దు. మూడు, వరసగా రెండు రోజులు సైకిలు ఎక్కకూడదు. మొదటిరోజు ఉత్సాహం మూడోరోజు నడుములో తేలుతుంది. నాలుగోది మా ఆవిడ పెట్టిన నియమం: ప్రతి మకాములోనూ ఒక ఖాళీ రోజు ఉండాలి. ఆ రోజు కాగితం మీద ఏమీ రాయకూడదు. "ఏమీ రాయకపోతే ఏం చేస్తాం?" అన్నాను. "అది ఆ రోజు పొద్దున్న చూసుకుందాం" అంది. ఇంజినీర్లకి ఈ నియమం అంత తొందరగా మింగుడుపడదు. కానీ ఒక రోజు వాన పడినప్పుడు, ఒక రోజు ఆవిడ మోకాలు బిగుసుకున్నప్పుడు ప్లాను చెదరకుండా కాపాడింది ఆ ఖాళీ రోజులే.

కాగితాల సంగతి. షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేసుకోవాలి. వేసవి రద్దీ చూసుకుని మూడు నెలల ముందే చేయడం మేలు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. మా అమ్మాయి ఉన్నది జర్మనీలో, దిగేదీ అక్కడే. కానీ లెక్కపెడితే జర్మనీలో ఆరు రాత్రులు, ఆస్ట్రియాలో పది. అందుకే ఆస్ట్రియాకి పెట్టాం. కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా తప్పనిసరి. కారు నడపడానికి మన ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది పనిచేస్తుంది. దాంతోపాటు మన అసలు లైసెన్సు కూడా దగ్గర ఉండాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే లాభం లేదు.

అద్దె కారు తీసుకునేటప్పుడు మూడు విషయాలు ముందే అడగండి. ఆటోమేటిక్ గేర్ల బండి కావాలని చెప్పండి, అక్కడ ఇంకా చేత్తో గేర్లు మార్చే బళ్ళు చాలానే ఉన్నాయి. పక్క దేశంలోకి తీసుకెళ్ళడానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి. డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డు నడిపేవారి పేరు మీదే ఉండేలా చూసుకోండి. జర్మనీ హైవేల మీద కార్లకు టోల్ లేదు. ఆస్ట్రియాలో మాత్రం విగ్నెట్ అనే పాసు ముందే కొనాలి. పది రోజులది ఉంది, రెండు నెలలది ఉంది. మేం ఆస్ట్రియాలో పదకొండో రోజు కూడా హైవే ఎక్కాలి. అందుకని రెండు నెలలది తీసుకున్నాం. ఇలాంటి లెక్కలు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి, రోడ్డు మీద కాదు.

అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి. అది అరపూటలో అలవాటవుతుంది. దానికంటే ముఖ్యమైనవి రెండున్నాయి. చిన్న వీధుల్లో ఏ బోర్డూ లేని కూడలి వస్తే, కుడి నుంచి వచ్చే బండిదే ముందు హక్కు. ఎదురుగా వస్తున్నది పెద్ద బండా, చిన్న బండా అన్న లెక్క అక్కడ లేదు. రెండోది, హైవే మీద ట్రాఫిక్ నిలిచిపోతే ఎడమ చివరి వరుసలో వాళ్ళు ఎడమకి, మిగతా వాళ్ళు కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకి దారి వదలాలి. సైరన్ వినబడ్డాక జరగడం కాదు, ట్రాఫిక్ ఆగుతున్నప్పుడే జరగాలి. మొదటిసారి అంతమందీ ఎవరూ చెప్పకుండానే పక్కకి జరగడం చూసి, మా ఆవిడ "వీళ్ళకి డ్రిల్లు మాస్టారు ఎవరో?" అంది.

ఇప్పుడు సైకిళ్ళు. మా ఆవిడ తొమ్మిదో తరగతిలో సైకిలు ఆపేసింది. ఆపేసింది అనకూడదు, ఆపించారు. "ఇంక పెద్దదానివయ్యావు" అన్నారు. మళ్ళీ ఎక్కింది యాభై రెండో ఏట. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. ఆదివారాలు తెల్లవారుజామున అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. మొదటి వారం రెండు కిలోమీటర్లు, మూడో నెలకి పాతిక. ఈ అభ్యాసం లేకుండా వెళ్ళకండి. కాళ్ళకంటే ముందు అలవాటు పడాల్సింది సీటు.

అక్కడ మేం అద్దెకి తీసుకున్నవి బ్యాటరీ సాయం ఉన్న సైకిళ్ళు. మనం తొక్కితేనే మోటారు సాయం చేస్తుంది, గంటకు 25 కిలోమీటర్లు దాటగానే ఆగిపోతుంది. లైసెన్సు అక్కర్లేదు. ఇద్దరిలో ఒకరికి ఓపిక ఎక్కువ, ఒకరికి తక్కువ ఉన్న జంటలకు ఇది వరం. ఇద్దరూ పక్కపక్కన వెళ్ళగలరు, ఒకరు ముందు వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి చూస్తూ నిలబడక్కర్లేదు. ఇక్కడి నుంచి తీసుకెళ్దాం అనుకోకండి. అంత పెద్ద బ్యాటరీలు ప్రయాణికుల విమానాల్లోకి రానివ్వరు.

మొదటి సైకిలు రోజు పాసౌ నుంచి యోహెన్‌స్టైన్ దాకా, రానుపోను 45 కిలోమీటర్లు. అక్కడ 1950ల్లో జర్మనీ, ఆస్ట్రియా కలిసి కట్టిన జలవిద్యుత్ కేంద్రం ఉంది. దాని మీదుగా సైకిలు నడిపించుకుంటూ ఒక దేశం నుంచి ఇంకో దేశంలోకి వెళ్ళాం. పాస్‌పోర్టు అడిగినవాడు లేడు. రెండో రోజు ష్లోగెన్ దగ్గర నది వెనక్కి మళ్ళే పెద్ద వంపు. అక్కడ ఎడమ గట్టున కొంత దూరం అసలు దారే లేదు, సైకిళ్ళని ఎక్కించుకునే చిన్న పడవే దిక్కు.

దారి పొడవునా ఒడ్డున కిలోమీటరు అంకెలు కనిపిస్తాయి. పాసౌ దగ్గర 2226, వియన్నా దగ్గర 1929. ముందుకి వెళ్తున్నకొద్దీ అంకె తగ్గుతుంది. డాన్యూబ్‌ని పుట్టిన చోటు నుంచి కాకుండా నల్లసముద్రంలో కలిసే చోటు నుంచి కొలుస్తారు. మా వయసు వాళ్ళకి ఆ పద్ధతి కాస్త ఆలోచించుకోవలసిందే. ఎంత దూరం వచ్చామన్నది కాదు, ఇంకా ఎంత మిగిలి ఉందన్నదే ఆ అంకె చెబుతుంది.

అన్నిట్లోకీ మంచి రోజు మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా తొక్కిన రోజు. ముప్పై ఆరు కిలోమీటర్లు. కారు మెల్క్‌లోనే వదిలేశాం. కొండ మీద పసుపు రంగులో పెద్ద క్రైస్తవ మఠం, 1089లో స్థాపించినది. ఇప్పుడు కనిపించే కట్టడం పద్దెనిమిదో శతాబ్దం నాటిది. అక్కడి నుంచి నదికి దక్షిణపు గట్టున, బళ్ళ రద్దీ లేని వైపు, ఆప్రికాట్ తోటల మధ్య నుంచి ఆర్న్స్‌డోర్ఫ్ దాకా వెళ్ళాం. అక్కడ అవతలి ఒడ్డు ష్పిట్స్‌కి వెళ్ళే పడవకి ఇంజను లేదు. నదికి అడ్డంగా పైన ఇనుప తాడు, దానికి పడవ కట్టి ఉంటుంది. సరంగు చుక్కాని తిప్పి పడవని ఏటవాలుగా పెడతాడు, ప్రవాహమే దాన్ని అవతలి ఒడ్డుకి నెట్టేస్తుంది. ఫిజిక్సు మాస్టారు బోర్డు మీద బలాల చతుర్భుజం గీసింది దీనికోసమే అనిపించింది. అవతల డ్యూర్న్‌స్టైన్‌లో శిథిలమైన కోట. 1192లో పట్టుబడిన ఇంగ్లండు రాజు రిచర్డ్‌ని బంధించింది అక్కడే. చీకటి పడ్డాక కాదు, మధ్యాహ్నం నాలుగు దాటకముందే క్రెమ్స్ చేరి, సైకిళ్ళతో సహా పడవెక్కి వెనక్కి వచ్చాం. ఏటికి ఎదురు కాబట్టి మూడు గంటలు పట్టింది. ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ లోయలోనూ ఆనకట్ట కడదామనుకున్నారు. జనం పోరాడి ఆపించారు. 2000లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆస్ట్రియాలో డాన్యూబ్ చాలా భాగం ఆనకట్టల మధ్యే నడుస్తుంది. స్వేచ్ఛగా పారే చోట్లు కొన్నే మిగిలాయి, వాటిలో ఇదొకటి. వియన్నాలో మాత్రం మనిషి నదికి చేసిన మంచి పని ఒకటి చూశాం. వరదల కోసం 1972 నుంచి 1988 దాకా రెండో పాయ తవ్వారు, ఆ మట్టితో మధ్యలో 21 కిలోమీటర్ల పొడవైన దీవి వచ్చింది. ఇప్పుడది ఊరందరికీ సైకిలు తొక్కే చోటు. ఇరిగేషన్‌లో పనిచేసిన మన మిత్రులు తప్పక చూడాలి.

చిన్న చిన్న జాగ్రత్తలు. మే చివర, జూన్ లేదా సెప్టెంబరు మంచి కాలం. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, శనివారమే పాలూ పెరుగూ కొని పెట్టుకోండి. వంటగది ఉన్న గది తీసుకుంటే అన్నం, పప్పు, ఒక పచ్చడి సీసాతో రాత్రిళ్ళు గడిచిపోతాయి. మధ్యాహ్నం మాత్రం అక్కడివే తినండి. ఆప్రికాట్ పండుని పిండిలో చుట్టి ఉడికించిన ఉండలు మన పూర్ణాల ప్రియులకు తప్పక నచ్చుతాయి.

మాస్టార్లు మాకు టైంటేబులు అలవాటు చేశారు, దాంతోనే బతికాం, పైకొచ్చాం. టైంటేబుల్లో ఒక ఆటల పీరియడ్ కూడా ఉండేది. పరీక్షలు దగ్గర పడగానే లెక్కల మాస్టారు దాన్ని తీసేసుకునేవారు. (మాస్టారూ, నవ్వుతున్నారు, మీకు గుర్తుందన్నమాట.) ఇప్పుడు మన పీరియడ్లు ఎవరూ తీసుకోవడం లేదు, మనమే వదులుకుంటున్నాం. డాన్యూబే కానక్కర్లేదు. కోనసీమ కాలవ గట్టు అయినా చాలు. దూరం తగ్గించండి, రోజులు పెంచండి, పక్కన ఉన్న మనిషి వేగానికి మీ వేగం కలపండి. మోకాళ్ళు మాట వింటున్నప్పుడే బయలుదేరండి.

మా రోజువారీ ప్లాను, కాగితాల జాబితా నాలుగు పేజీలుగా రాసి కార్యదర్శి దగ్గర ఉంచాను. కావలసినవారు కాపీ తీసుకోండి. ఖాళీ రోజుల గళ్ళు మాత్రం ఖాళీగానే వదిలాను, అవి మీరు నింపకండి. సెలవు.