సి భాషలో రన్ టైమ్ టైప్ తనిఖీ ఎప్పుడు అవసరం?

ఇంట్, ఫ్లోట్, క్యార్ వంటి డేటా టైపులు మీకు ఇదివరకే పరిచయం. వేరియబుల్ టైపు ఏమిటో మనమే ప్రకటిస్తాం. కంపైలర్ దాన్ని చూసి పొరపాట్లు చెబుతుంది. మరి ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు కూడా టైపును తనిఖీ చేయాలా? ఈ రోజు పాఠం ఇదే.

1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించారు. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాయడానికి ఉపయోగపడిన భాష ఇది. సాధారణంగా ఈ భాషలో కంపైల్ అయ్యాక విలువల వెంట టైపుల సమాచారం ఉండదు. మెమరీలో మిగిలేవి బిట్లే. మీరు ఇంటా, ఫ్లోటా అని వాటిని అడిగే మార్గం లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక యూనియన్‌లో 32 బిట్ల ఇంట్, 32 బిట్ల ఫ్లోట్ ఉన్నాయనుకోండి. ఫ్లోట్‌గా 1.0 దాచి, ఇంట్‌గా చదవండి. మనం వాడే మామూలు కంప్యూటర్లలో 1065353216 వస్తుంది. అంటే ఒక్క మార్కు నూట ఆరు కోట్లు దాటిపోయింది! కంపైలర్ ఏమీ అనదు, ప్రోగ్రామ్ ఆగదు. అదే ఇంట్‌ను పాయింటర్ అనుకుని చదివితే ప్రోగ్రామ్ కూలిపోవచ్చు, లేదా సంబంధం లేని మెమరీని పాడుచేయవచ్చు.

వంటింట్లో ఒకేలాంటి డబ్బాల్లో ఉప్పు, పంచదార పోసినప్పుడు మీద చీటీ అంటిస్తాం కదా! ఇక్కడా అంతే. యూనియన్‌ను ఒక స్ట్రక్చర్‌లో పెట్టి, పక్కనే ఈనమ్ టైపు సభ్యాన్ని చేర్చండి. దాన్ని ట్యాగ్ అంటారు. విలువ దాచినప్పుడల్లా ట్యాగ్ రాయండి. చదివే ముందు స్విచ్ స్టేట్‌మెంట్‌తో ట్యాగ్ చూడండి.

అయితే ప్రతిచోటా తనిఖీ అక్కర్లేదు. ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ విలువ టైపు ప్రోగ్రామ్ రాసేటప్పుడే నాకు కచ్చితంగా తెలుసా?

తెలిస్తే తనిఖీ వద్దు. క్యూసార్ట్ ఫంక్షన్ మీ పోలిక ఫంక్షన్‌కు వాయిడ్ పాయింటర్లు ఇస్తుంది. కానీ శ్రేణినీ, పోలిక ఫంక్షన్‌నూ ఇచ్చేది మీరే. అవి ఏ టైపువో మీకు ముందే తెలుసు. వేలసార్లు జరిగే పోలికలో ప్రతిసారీ తనిఖీ చేస్తే కాలం వృథా.

తెలియకపోతే తనిఖీ తప్పదు. నెట్‌వర్క్ ప్రోగ్రాముల్లో వచ్చిన చిరునామా ఐపీవీ4 కావచ్చు, ఐపీవీ6 కావచ్చు. మొదటిది 4 బైట్లు, రెండోది 16 బైట్లు. అందుకే సాకెట్ చిరునామా స్ట్రక్చర్‌లో ఫ్యామిలీ అనే సభ్యం ఉంటుంది. ముందు దాన్ని చూసి, తర్వాతే పాయింటర్ టైపు మార్చాలి. పైథాన్ భాషకు బాగా ప్రచారంలో ఉన్న ఇంటర్‌ప్రిటర్‌ను కూడా సి లోనే రాశారు. అందులో ప్రతి ఆబ్జెక్ట్ తన టైపును సూచించే పాయింటర్‌ను వెంట ఉంచుకుంటుంది. రెండింటిని కూడమంటే అవి అంకెలా, అక్షరమాలలా అన్నది అప్పుడే చూస్తుంది.

ఇక బయటి నుంచి, అంటే ఫైలు నుంచో నెట్‌వర్క్ నుంచో వచ్చే డేటా సంగతి. అక్కడ ట్యాగ్‌నే నమ్మకూడదు. మీకు తెలిసిన ట్యాగులు 0, 1, 2 మాత్రమే అయితే 7 రావచ్చు. పొడవు కూడా తప్పు కావచ్చు. కాబట్టి స్విచ్‌లో డిఫాల్ట్ శాఖ తప్పక రాసి, ఆ డేటాను తిరస్కరించండి. ఈ పనికి అసర్ట్ వాడకండి. ఎన్‌డీబగ్ నిర్వచించి కంపైల్ చేస్తే అసర్ట్ మాయమవుతుంది. అది మన సొంత పొరపాట్లను పట్టుకోవడానికే. బయటి డేటాకు ఇఫ్ స్టేట్‌మెంట్ వాడాలి.

చివరిగా మీకొక అభ్యాసం. ఇంట్, ఫ్లోట్, అక్షరమాల మూడింటినీ కలిపి దాచగల ఒక శ్రేణిని ట్యాగుతో రాయండి. ఆ తర్వాత ఒక ట్యాగును కావాలనే తప్పుగా మార్చి నడపండి. మీ ప్రోగ్రామ్ తప్పు జవాబు ఇవ్వకుండా, తప్పు జరిగిందని చెబితే మీకు ఈ పాఠం అర్థమైనట్టే.