నడవడికి జన్యుమూలములు



ప్రాణుల రూపము తల్లిదండ్రులనుండి సంక్రమించుననుట మనకెవ్వరికిని వింతగాదు. నడవడియు నట్లే సంక్రమించుననినచో మాత్రము మనస్సు వెంటనే సమ్మతింపదు. రోమముల రంగును పోల్చి చూడవచ్చును, తోక పొడవును కొలువవచ్చును గాని, నడవడిని కొలుచుట కేది మానదండము? ఈ చిక్కును కడునేర్పుతో విడదీసిన పరిశోధన యొకటి 2013వ సంవత్సరమున హార్వర్డు విశ్వవిద్యాలయమునుండి వెలువడినది.

అమెరికా ఆగ్నేయ రాష్ట్రముల ఇసుకనేలలలో నివసించు పెరోమిస్కస్ పోలియోనోటస్ అను చిట్టెలుక పొడవైన ప్రవేశమార్గమును త్రవ్వి, దాని కొసను గూడమర్చుకొని, ఆ గూటినుండి మరియొక సొరంగమును మీదికి త్రవ్వుకొనిపోయి, నేల పైపొర కించుక దిగువనే నిలిపివేయును. పాము ముందుదారిని జొచ్చినచో ఆ పలుచని పొరను చీల్చుకొని బయటపడుటకే యీ యేర్పాటు. దీనికి మిక్కిలి దగ్గరి చుట్టమైన పెరోమిస్కస్ మనిక్యులేటస్ కురుచ కలుగుతోనే తృప్తినొందును. దానికి దొడ్డిదారి లేదు.

ఆచార్య హోపీ హోక్‌స్ట్రాయు, ఆమె సహచరులును ఈ రెండు జాతుల యెలుకలను ఇసుక నింపిన పెద్ద తొట్లలో విడిచి, అవి కలుగులు త్రవ్వినపిమ్మట వానిని వెలికిదీసి, ఖాళీ కలుగులలోనికి పాలియురెథేన్ నురుగును పోసిరి. అది ఉబ్బి, మూలమూలలకు ప్రాకి గట్టిపడగా, ఇసుక తొలగించి పైకెత్తినచో కలుగుయొక్క నిండు అచ్చు చేతికి వచ్చెను. కంటికి అగపడని ప్రవృత్తి యిట్లు బద్దతో కొలువదగిన వస్తువైనది! ఈ యెలుకలు ప్రయోగశాలలోని పంజరములలో పుట్టి పెరిగినవని గమనింపవలెను; వీనికి త్రవ్వకమును నేర్పినవారు లేరు.

ఆ రెండు జాతులకు పుట్టిన సంకరసంతానము పొడవైన కలుగునే త్రవ్వినది. ఆ సంతానమును మరల కురుచకలుగుల జాతితో జతపరుపగా, తరువాతి తరమున కొన్నిటికి ప్రవేశమార్గము పొడవుగా నుండియు దొడ్డిదారి లేకపోయెను. కొన్నిటికి దొడ్డిదారి యుండియు ప్రవేశమార్గము కురుచయయ్యెను. ప్రవేశమార్గపు పొడవుతో క్రోమోసోములలోని మూడు ప్రాంతములును, దొడ్డిదారితో వేరొక ప్రాంతమును సంబంధించియున్నట్లు తేలినది. ఒక్కటిగా దోచు నేర్పు, విడివిడిగా సంక్రమించు భాగముల కూడికయని రుజువగుటయే యీ పరిశోధనకు ప్రాణమని నా యభిప్రాయము. అయినను దొరకినవి ప్రాంతములే; ఒక్కొక్క ప్రాంతమున అనేక జన్యువులుండును.

ఈ జాగ్రత్త యేల యనగా, జీవితాంతము ఒకే జతతో మెలగు ప్రెయిరీ వోలు అను చిన్న జంతువు కథ వినుడు. ఆక్సిటోసిన్ అను హార్మోనును అందుకొను గ్రాహకమును మందులతో అడ్డగించినచో ఆ జత కుదరదని ప్రయోగములు చాలకాలము చెప్పుచు వచ్చినవి. పత్రికలు ఆ హార్మోనుకు ప్రేమరసాయనమని పేరిడినవి. 2023లో దేవానంద్ మనోలీ, నీరావ్ షా ప్రభృతులు ఆ గ్రాహకపు జన్యువునే క్రిస్పర్ అను జన్యుసవరణ పద్ధతిచే పనిచేయకుండ జేసి చూడగా, ఆ జంతువులు యథాప్రకారము జతగూడినవి, పిల్లలను సాకినవి. మొదటి ప్రయోగములు అబద్ధములని దీని యర్థము గాదు. పుట్టుకనుండియే గ్రాహకము లేని మెదడు వేరుదారి వెదకుకొని యుండవచ్చును.

కావున, విద్యార్థులారా, ఫలానా గుణమునకు జన్యువు దొరకినదని చదివినప్పుడెల్ల, అది ఏ జంతువునందు, ఆ గుణములోని యే భాగమునకు, ఎంతమేరకు అని విచారించి, పిమ్మటనే విశ్వసింపుడని మిమ్ము వేడుకొనుచున్నాను.