గోపాలపురం: మన తీరపు ఊరు



బరంపురానికి 16 కిలోమీటర్ల దూరాన ఉన్న గోపాలపురాన్ని మనం షికారు చోటుగానే ఎరుగుదుము. ఒకప్పుడది రేవుపట్టణం. అక్కడ ఓడలెక్కి మన గంజాం కూలిజనం రంగూనుకు వలసపోయినారు. రెండవ ప్రపంచయుద్ధంతో ఆ ప్రయాణాలు ఆగినవి. జాలరులు మాత్రం నిలిచినారు. ఒరియావారు వారిని నోలియాలంటారు. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒరిస్సాలో చేరినా వారి ఇంటిమాట తెలుగే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఈ తీరాన్నే తాకినది. అయినా వారు ఆ ఇసుకను విడువలేదు.

ఊరి వారసత్వమంటే దీపస్తంభమూ పాత బంగళాలూ మాత్రమేనా? తల్లి బిడ్డను పిలిచే ఆ తెలుగు పిలుపు కూడాను. అక్షరం తోడు లేని మాట ఎన్ని తరాలు నిలుస్తుంది? ఈ ప్రశ్న జాలరిపేటదే కాదు, మన ఇళ్లదీను. ఈ ఉగాదినుండి మన పిల్లలకూ, వారి పిల్లలకూ ఒక్కచోటనే ఓనమాలు దిద్దించుదాము.