పాత క్రేయాన్ ముక్కలు, గుడి కిటికీలు

(సండేస్కూలు ఉపాధ్యాయుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మదనపల్లె, పుంగనూరు, కుప్పము, ఈ మూడు చోట్ల సండేస్కూలు పిల్లలచేత పాత క్రేయాన్ ముక్కలతో కిటికీలకు రంగుల అలంకారములు చేయించుచున్నాము. ఆ సంగతి చెప్పుమని మమ్మును కోరినారు. పిల్లల ఆటకు ప్రసంగమెందుకని కొందరికి తోచవచ్చును. అయితే ఈ ఆట తిరిగి తిరిగి సంఘ కమిటీ ముందుకు వచ్చి కూర్చున్నది. గుడి కిటికీకి ఏమి కట్టవచ్చును, ఎవరు కట్టవచ్చును అను ప్రశ్న లేచినది. కావున చెప్పవలసినది కొంత ఉన్నది.

ముందు పని చెప్పెదము. ప్రతి ఇంటిలోను బడిపిల్లల పెట్టె అడుగున విరిగిన క్రేయాన్ ముక్కలుండును. పారవేయుటకు మనసొప్పదు, పట్టుకొని గీయుటకు వ్రేళ్లకు అందవు. వాటిని డబ్బాలో పోగుచేసి తెమ్మంటిమి. ఐదువేలమంది తృప్తిగా భుజించిన తరువాత ప్రభువు శిష్యులచేత ముక్కలు ఎత్తించిన సంగతి ఆ ఆదివారమే పాఠముగా చెప్పితిమి. పండ్రెండు గంపలు నిండినవి గదా, మన డబ్బాలు ఎన్ని నిండునో చూతమన్నాము. పిల్లలు పందెము వేసికొని తెచ్చినారు.

ఆ ముక్కలను గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టినచో పైకాగితము ఊడి వచ్చును. తడి తుడిచి ఆరబెట్టి, పెన్సిలు చెక్కు మరతోగాని, పాత కొబ్బరికోరుతోగాని సన్నగా తురుమవలెను. ఒక బటర్ పేపరు పరచి దానిపై తురుము పలుచగా చల్లి, మరియొక బటర్ పేపరు కప్పి, దానిపై పాత గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టెను తక్కువ వేడిమీద ఉంచి అద్దవలెను. రుద్దరాదు, రుద్దినచో రంగులన్నియు కలిసి బురద రంగగును. కొన్ని క్షణములు చాలును. చల్లారిన తరువాత ఆకుగానో, నక్షత్రముగానో, చేపగానో కత్తిరించి, నల్ల చార్టు కాగితముతో చట్రము కట్టి, దారముతో కిటికీకి వ్రేలాడదీయవలెను. ఎండ తగిలినప్పుడు అది గాజువలె వెలుగును.

దీని మర్మమంతయు మైనములోనే ఉన్నది. క్రేయాను అనగా పారఫిన్ మైనములో రంగుపొడి కలిపి పోసిన కడ్డీ. ఆ మైనము సుమారు 50, 60 డిగ్రీల వేడికే కరగును. కరిగి కాగితపు నారలలోనికి ఇంకును, అందుచేత వెలుతురు ఆ కాగితముగుండా వచ్చును. దోసె కట్టిన కాగితముపై నూనె మరక వెలుతురుకు ఎట్లు కనబడునో ఇదియు అట్లే. ఇప్పుడు అంగళ్లలో ప్లాస్టిక్ క్రేయాన్లు ఎక్కువగా అమ్ముచున్నారు. అవి ఈ కొద్ది వేడికి సరిగా కరగవు. ఆయిల్ పేస్టలులు జిడ్డు విడుచును. మైనపు క్రేయాన్లే ఏరుకొనవలెను. గోటితో గీకినచో కొవ్వొత్తివలె పొట్టు లేచునది మనకు కావలసినది.

పిల్లల డబ్బాలలో ఒక విశేషము చూచితిమి. మిగిలిన రంగులన్నియు ముక్కలై రాగా తెల్లక్రేయాను మాత్రము చాలావరకు నిండు కడ్డీగానే వచ్చును. తెల్లకాగితముపై అది కనబడదు, కావున ఎవరును దానిని వాడరు. ఈ పనిలో దానికే గిరాకి. ఎరుపునకును నీలమునకును నడుమ కొంచెము తెల్ల తురుము చల్లినయెడల రెండును కలియక నిలుచును, వెలుతురు కూడ ఎక్కువగా వచ్చును. తెల్లముక్క కొరకు పిల్లలు పోట్లాడుకొనుట ఇక్కడనే చూచితిమి.

జాగ్రత్త ఒక్కటి గట్టిగా చెప్పెదము. ఇస్త్రీపెట్టె పెద్దల చేతిలోనే ఉండవలెను. కరెంటు పోయినదని చాకలివారి బొగ్గుల పెట్టె తెచ్చుట వద్దు. దాని వేడి మన అదుపులో ఉండదు. మైనమును గిన్నెలో వేసి పొయ్యిమీద కరిగించుట బొత్తిగా కూడదు, అది అంటుకొనును. క్రిస్మస్ కొవ్వొత్తుల దాపున ఈ అలంకారములు కట్టరాదు.

ఇక మూడు ఊళ్ల సంగతి. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె వైపునుండి వచ్చు పిల్లలు కొందరున్నారు. పట్టుమగ్గముల నడుమ పెరిగినవారు. ఏ రంగు ప్రక్కన ఏ రంగు నిలుచునో వారికి మనము చెప్పనక్కరలేదు. చీర అంచు చూచి నేర్చిన కన్ను అది. పుంగనూరులో పశువులతొట్టి చేయించినప్పుడు పిల్లలు ఆవును గొర్రెకన్న కొంచెమే పెద్దగా కత్తిరించినారు. ఉపాధ్యాయిని సరిచేయబోగా, “అక్కా, మన పుంగనూరు ఆవు ఇంతే గదా!” అన్నారు. మూడడుగులు మించని ఆ జాతి ఆవు వారి ఊరి పేరనే లోకమంతట తెలిసినది. బేత్లెహేములో దానిని కట్టివేయుటకు మాకేమియు అభ్యంతరము కనబడలేదు.

కుప్పములో చిక్కు వేరు. అక్కడ తెలుగు, తమిళము, కన్నడము ఒకే బల్లమీద కూర్చుండును. ఒక పిల్ల “పచ్చ ఇవ్వు” అన్నది. తెలుగింటి పిల్లవాడు పసుపుపచ్చ ముక్క ఇచ్చినాడు. అడిగినది తమిళమింటి పిల్ల, ఆమెకు పచ్చ అనగా ఆకుపచ్చయే. పసుపును వారు మంజళ్ అందురు. కన్నడమువాడు ఆకుపచ్చను హసిరు అని మూడవ మాట పెట్టినాడు. చివరకు రంగు పేరుతో పనిలేదని ఆకు తెచ్చి చూపి అడుగుకొనుట మొదలుపెట్టినారు.

ఆ కుప్పములోనే ఈ పని అవసరమని మాకు తోచినది. తెల్లవారక మునుపే రైలెక్కి బెంగుళూరు పనులకు పోయి చీకటిపడిన తరువాత తిరిగివచ్చు తలిదండ్రులు అక్కడ పెక్కుమంది. పిల్లలు అవ్వలయొద్ద ఉందురు. ఆదివారము తలిదండ్రులకు అలసట, పిల్లలకు టెలిఫోను. సండేస్కూలు రానురాను పలుచనైనది. పిల్లలను గద్దించుట సులభమే. కాని గుడిలో వారిదని చెప్పుకొనుటకు ఏమున్నది? గంట పెద్దలది, కానుకసంచి పెద్దలది, ముందు బల్లలు పెద్దలవి, పాటలు సైతము పెద్దల గొంతుకు కట్టినవి. వారి చేతిపని ఒకటి గుడిలో వ్రేలాడినయెడల అది చూచుకొనుటకైనను వత్తురనుకొంటిమి. వచ్చుచున్నారు. కొందరు తమ అవ్వలను వెంటబెట్టుకొని వచ్చుచున్నారు.

అప్పుడే పెద్దలనుండి ఆక్షేపణ వచ్చినది. గుడి కిటికీకి బొమ్మలెందుకని. దీనిని మేము తేలికగా త్రోసివేయము. మదనపల్లెలో 1863లో జేకబ్ చాంబర్లేన్ దొరగారు పని ఆరంభించిన ఆర్కాటు మిషను అమెరికాలోని రిఫార్మ్‌డ్ సంఘమువారిది. ఆ సంఘము అంగీకరించు హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి 1563నాటిది. దాని 98వ ప్రశ్న, చదువురానివారికి పుస్తకములుగా గుడులలో బొమ్మలుంచవచ్చునా అని అడిగి, కూడదనియు, దేవుడు తన ప్రజలకు వాక్యప్రకటన ద్వారానే నేర్పగోరుననియు జవాబిచ్చును. బొమ్మలయెదుట వంగిన లోకములోనుండి బయటికి వచ్చిన మన పితరులకు ఆ జాగ్రత్త మరింత అవసరమైనది. ఆక్షేపించిన పెద్దలు ఆ వారసత్వమును కాపాడుచున్నారు.

అయితే 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘమైనప్పుడు మనతో కలిసినవారు వేరొక వారసత్వము తెచ్చినారు. వెస్లియను మిషనువారి మెదకు గుడి చూడుడి. పోస్నెట్ దొరగారు కరువు కాలమున జనులకు కూలి, కూడు దొరకునట్లు కట్టించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆలయమది. అందులో ఫ్రాంక్ సాలిస్‌బరీ అను ఇంగ్లాండు చిత్రకారుడు రచించిన మూడు రంగుటద్దముల కిటికీలున్నవి. అవి ప్రభువు జననము, సిలువ, ఆరోహణము. ప్రొద్దుగ్రుంకిన తరువాత లోపలనుండి చూచినచో అవి నల్లని గోడలే. వెలుగు బయటినుండి రావలెను. గాజునకు రంగు పైపూత కాదు, కరుగునప్పుడే కోబాల్టు వేసినచో నీలము, రాగి వేసినచో ఆకుపచ్చయో ఎరుపో వచ్చును. ఆ ముక్కలను సీసపు బద్దీలతో కూర్తురు. మన పిల్లల నల్ల చార్టు చట్రము ఆ సీసమునకు బదులే.

మా అభిప్రాయము చెప్పెదము. రంగు వేరు, విగ్రహము వేరు. నిర్గమకాండములో బెసలేలునకు దేవుడు ఆత్మనిచ్చినది చేతిపని కొరకే. ప్రకటన గ్రంథములోని పట్టణపు పునాదులు పండ్రెండు రత్నములతో అలంకరింపబడినవి. మదనపల్లె దాపున ఆరోగ్యవరములో 1915లో క్షయవ్యాధి శానిటోరియము తెరచినప్పుడు గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి ఆహారమే ఆ వ్యాధికి ముఖ్య చికిత్స. అక్కడ కిటికీయే సగము మందు. వెలుతురును అడ్డగించునది ఏదైనను గుడి కిటికీకి తగదని మేమును అందుము. దానిని లోపలికి రానిచ్చి రంగు కలుపునది తగును.

అందుచేత మూడు చోట్ల ఇట్లు ఒప్పుకొంటిమి. ఆరాధన జరుగు చోట ప్రభువు రూపము గాని మనుష్య రూపము గాని ఉండదు. ఆకులు, నక్షత్రములు, చేపలు, ధనుస్సు రంగులు మాత్రమే. అదియు ఆగమన కాలపు మొదటి ఆదివారమునుండి ప్రభువు ప్రత్యక్షత పండుగ వరకే. పశువులతొట్టి, పుంగనూరు ఆవు సండేస్కూలు గది కిటికీలో. బాగున్నవి ఏరి, బాగులేనివి దాచుట జరుగదు. ఎవరు చేసినది వారి పేరుతో కట్టవలెను. ఒక పెద్దాయన ఇప్పటికిని సమ్మతింపలేదు. కాని తన మనుమరాలి చేపను ఏ కిటికీకి కట్టినారని గంటకొట్టువానిని అడిగి వెళ్లినాడట.

పండుగ తరువాత వాటిని చెత్తలో వేయరాదు. ఎండకు రంగు వెలియును, వేసవిలో మైనము మెత్తబడి దుమ్ము పట్టును, కావున జనవరిలోనే దించి, వెనుక పేరు చూచి ఎవరిది వారి చేతికి ఇచ్చివేయవలెను. పెట్టుకొనుటకు ఇంటిలో కిటికీ లేని పిల్లలున్నారు. వారికి తలుపు సందున కట్టుటకు పొడుగు దారమిచ్చి పంపవలెను.

బటర్ పేపరు స్త్రీల మైత్రివారు ఇచ్చుచున్నారు. పుంగనూరునకు ఒక ఇస్త్రీపెట్టె కావలెను. పాతదైనను చాలును, వేడి తగ్గించు మీట పనిచేయవలెను. క్రేయాన్ ముక్కల డబ్బా మూడు గుడులలోను చెప్పులు విడుచు చోటనే పెట్టించినాము. మీ పిల్లల పెట్టెల అడుగు ఒకసారి చూచి రండి.